బైరప్ప బొటనవేలు

కుందారపల్లి సంతలో నోరు విప్పి ధర అడిగేవాణ్ణి చూస్తే అందరికీ తెలిసిపోతుంది, వీడు కొత్తవాడని. శుక్రవారం తెల్లవారగానే హైవే పక్కన టెంపోలు ఆగుతాయి. ఆవులూ ఎద్దులూ దిగుతాయి. టీ గ్లాసులు పట్టుకున్న జనం వాటి పళ్ళు చూస్తూ, పొదుగులు తడుముతూ తిరుగుతారు. ఇంత గోలలోనూ ధర మాత్రం ఎవరి నోటా వినపడదు. దళారీ భుజం మీది తుండుగుడ్డ తీసి చేతి మీద కప్పుకుంటాడు. కొనేవాడు దాని కిందికి చెయ్యి పోనిస్తాడు. ఇక మాట్లాడేవి వేళ్ళే. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, ఐదూ పట్టుకుంటే ఐదు. గుప్పిలి మూస్తే ఒప్పుకున్నట్టు. మిగతాదంతా ఒత్తిడిలో ఉంటుంది. మొహాలు మాత్రం ఒకడిది లారీల వైపు, ఇంకొకడిది కొండల వైపు. బేరం నడుస్తున్నంత సేపూ ఎదుటివాడి మొహంలోకి చూడటం అక్కడ మర్యాద కాదు.

బైరప్పకు అరవై రెండేళ్ళు. ఇరవై రెండో ఏట తుండుగుడ్డ భుజాన వేసుకుని దళారీ అయ్యాడు, ఇంతవరకూ ఆ పని మానలేదు. అమ్మేవాడు ముందుగా వచ్చి, ఇంతకంటే తక్కువకు ఇవ్వనని తన ఆఖరి మాట చెవిలో చెప్పిపోతాడు. ఆ మాట దాచుకుని, దానికి పైన ఎంత రాబడితే అంత రాబట్టడమే దళారీ పని. తన చెయ్యి బండరాయి లాంటిదనీ, దాంట్లోంచి ఒక్క గుట్టూ బయటికి పొక్కదనీ బైరప్ప నమ్మకం. ఆ నమ్మకంతోనే మీసం కూడా కొంచెం ఎక్కువ పెంచాడు.

కొడుకు మాదేశ్‌ది వేరే దారి. హోసూరులో ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో ఎనిమిదేళ్ళు పనిచేసి, ఒకరోజు ఉద్యోగం మానేసి వచ్చాడు. బాగలూరు రోడ్డులో పంక్చరు షాపు మీద రెండు గదులు తీసుకుని, ఫోన్లో ఆడే ఆటలు తయారుచేస్తానన్నాడు. రాయకోట నుంచి నేత్ర అనే అమ్మాయి వచ్చి తోడు చేరింది. ప్రోగ్రాము రాసేది ఆమే. ఇద్దరూ కలిసి మూడేళ్ళలో నాలుగు ఆటలు చేశారు. మిఠాయిలు పేల్చేది ఒకటి, బైకులు తోలేది ఒకటి, దెయ్యాలను కాల్చేది ఒకటి. నాలుగోది ఏమిటో మాదేశ్‌కే సరిగ్గా గుర్తు లేదు. లోకమంతా దేన్ని ఆడుతుంటే దానికి వీళ్ళొక నకలు చేసేవాళ్ళు. అసలుది ఊరికే దొరుకుతుంటే నకలును ఎవడు ముట్టుకుంటాడు చెప్పండి. నాలుగూ మునిగాయి. వాటిని అమ్మిపెడతానన్న బెంగళూరు కంపెనీవాడు, ఇంకొక్కటి చూస్తాను, అదీ పోతే మీ దారి మీది అన్నాడు.

"పిలకాయలు ఆడుకునేదానికి పెద్దోళ్ళు కష్టపడతా ఉండారు," అని బైరప్ప సంతలో చెప్పుకుని నవ్వేవాడు. నవ్వేవాడే గానీ, కొడుకు మొహం చూస్తే లోపల బాధగానే ఉండేది.

అట్లాంటి రోజుల్లో ఒక శుక్రవారం మాదేశ్ సంతకు వచ్చాడు. తండ్రి ఒక జత ఎద్దులకు బేరం చేస్తున్నాడు. గుడ్డ కింద ఏం జరుగుతోందో ఎవరికీ కనపడదు. అయినా చుట్టూ నలభై మంది టీలు చల్లారిపోతున్నా తాగకుండా నిలబడి ఉన్నారు. మాదేశ్ ఎద్దులను చూడలేదు, తండ్రిని చూడలేదు. ఆ నలభై మందినే చూశాడు. తను మూడేళ్ళుగా తెర మీద రంగులు పోసి, బాంబులు పేల్చి, ఒక్కణ్ణి కూడా రెండు నిమిషాలు కూర్చోబెట్టలేకపోయాడు. ఇక్కడ కనపడేది ఏమీ లేదు, కదిలేవాడూ లేడు.

ఆ రోజే హోసూరు పోయి నేత్రకు చెప్పాడు. "తెర మీద ఏమీ ఉండకూడదు. నల్లగా ఉండల్ల. చేత్తోనే ఆడల్ల."

నేత్ర తన ఫోను అరచేతిలో పెట్టి చూసుకుంది. "ఫోన్లో వణికే మోటారు ఒకటే ఉంటాది. ఐదు వేళ్ళకు ఐదు లేవు."

"నువ్వు చేస్తావులే," అన్నాడు మాదేశ్. అంత తేలిగ్గా అనేశాడు గానీ, ఆ పిల్ల ఏడు నెలలు నిద్రాహారాలు మానింది. చిటికెన వేలికి చినుకు పడ్డట్టు సన్నటి వణుకు, చూపుడు వేలికి ఒక్క పోటు, బొటనవేలికి బరువైన నిదానమైన నొక్కు. ఉన్న ఒక్క మోటారుతోనే ఐదు వేళ్ళనూ పలికించింది. ఫోను మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటే, అవతల ఎవరో చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది.

ఇక ఆ అవతలి చెయ్యి ఎవరిది కావాలి? మాదేశ్ టూల్‌రూము బుర్ర పెట్టి ఒక పల్చటి గ్లవ్ కుట్టించాడు. దాని లోపల ఒత్తిడిని కొలిచే చిన్న చిన్న బిళ్ళలున్నాయి. దాన్ని తెచ్చి తండ్రికి ఇచ్చాడు.

"మూడు నెలలు శుక్రవారం శుక్రవారం ఇది తొడుక్కో నాయినా. నీ చెయ్యి ఎట్ల బేరం చేస్తాదో అట్లే ఆటలో వస్తాది."

బైరప్పకు లోపల నెత్తిన పాలు పోసినట్టయింది. పైకి మాత్రం, "వేళ్ళ లెక్క ఎవరికి తెలీదు, సంతలో ప్రతి నాకొడుక్కీ తెలుసు. తీసుకో పో," అన్నాడు. చెయ్యే కదా, వాడుకుంటే అరుగుతుందా అనుకున్నాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే. పాపం, అది తప్పని ఆ రోజు ఎవరికి తెలుసు.

ఆటకు 'తుండు' అని పేరు పెట్టారు. బెంగళూరు కంపెనీవాడు ఫోను పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఏమండీ, తెర పనిచేయడం లేదు," అన్నాడు. తెర అంతేనని మాదేశ్ చెప్పాడు. చూసేదానికి ఏమీ లేకపోతే వీడియో గేమ్ అని ఎట్లా అమ్మేది, పాడైపోయిన ఫోను అనుకుంటారు అని చెప్పి వాడు లేచిపోయాడు. దాంతో వీళ్ళే సొంతంగా బయటికి వదిలారు. మొదటి నెల నలభై మంది తెచ్చుకున్నారు. అందులో సగం మంది మాదేశ్ చుట్టాలు, మిగతా సగం నేత్ర చుట్టాలు.

రెండో నెలలో కృష్ణగిరిలో ఒక టీచరమ్మ చూపులేని పిల్లలకు ఆ ఆట ఇచ్చింది. ఆ పిల్లలకు తెర నల్లగా ఉంటే ఏమి, తెల్లగా ఉంటే ఏమి. చూపున్న టీచర్లందరినీ వరసగా ఓడించి కూర్చున్నారు. ఆమె అదంతా వీడియో తీసి పెట్టింది. అక్కడి నుంచి పట్టుకుంది చూడండి. హోసూరు ఫ్యాక్టరీ బస్సుల్లో షిఫ్టుకు పోయేవాళ్ళు కళ్ళు మూసుకుని ఆడటం మొదలుపెట్టారు. పక్కన చూసేవాళ్ళు వీళ్ళు నిద్రపోతున్నారనుకునేవాళ్ళు. బెంగళూరు, చెన్నై, తర్వాత మనకు పేర్లు కూడా నోరు తిరగని దేశాలు. ఆరు నెలలు తిరక్కుండా లక్షల మంది చేతుల్లో ఉంది. ఏదో దేశంలో బహుమతి ఇచ్చారు. లేచిపోయిన బెంగళూరువాడు పూలబొకే పట్టుకుని పంక్చరు షాపు మెట్లెక్కాడు. రెండు గదులు ఒక అంతస్తు అయ్యాయి, ఇద్దరు మనుషులు పద్నాలుగు మంది అయ్యారు.

ఆటలో ఒకరి తర్వాత ఒకరు పది మంది దళారీలు వస్తారు. తొమ్మిది మంది నేత్ర అల్లినవాళ్ళు. పదోవాడు బైరప్ప. తొమ్మిది మందినీ గెలిచినవాళ్ళు కూడా బైరప్ప దగ్గర బోర్లా పడేవాళ్ళు. ఆ మాట విని అసలు బైరప్ప మీసం ఇంకో అంగుళం పెరిగింది. సంతలో కొత్తవాళ్ళు వచ్చి ఆయనతో ఫోటో దిగేవాళ్ళు. "నలభై ఏండ్ల చెయ్యిరా ఇది, ఫోనుకు దొరుకుతాదా," అనేవాడు.

ఆ వైభోగం మూడు నెలలు కూడా నిలవలేదు.

వానలు మొదలైన శుక్రవారం ఒక అమ్మాయి ఆవు కోసం వచ్చింది. పేరు తమిళ్‌సెల్వి, ఊరు ఉద్దనపల్లి. ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో పని. ఆ పని ఎన్నాళ్ళుంటుందో తెలియదు కాబట్టి ఇంటి దగ్గర రెండు పాడి ఆవులు కట్టుకోవాలని ఆమె ఆలోచన. బైరప్ప గుడ్డ కప్పాడు. పిల్లది ఏముందిలే, రెండు పట్లలో ఒప్పుకుంటుంది అనుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆయన ఒక వేలు దిగాడు. ఆమె అట్లాగే కొండల వైపు చూస్తూ నిలబడింది. ఇంకో వేలు దిగాడు. ఆమె చెయ్యి కదలదు. చివరికి అమ్మేవాడు చెవిలో చెప్పిన ఆఖరి మాట దాకా దిగాల్సి వచ్చింది. అక్కడికి రాగానే ఆమె టక్కున గుప్పిలి మూసి ఒప్పేసుకుంది.

బైరప్ప బిత్తరపోయాడు. "ఏం పాపా, ఆఖరి మాట నీకెవరు చెప్పినారు?"

"నువ్వే చెప్పినావు పెద్నాయినా," అంటూ ఆమె ఫోను తీసి చూపించింది. "దినామూ బస్సులో నీతోనే కదా బేరమాడేది. ఇంక దిగలేనని అనుకున్నప్పుడు నీ బొటనేలు మా చేతి మీద రెండుసార్లు మెల్లిగా తగులుతాది. అది తగిలేదాకా ఒప్పుకోకూడదు. తగిలినాక లాగకూడదు. అంతే ఉపాయం. ఎవరో వీడియో కూడా పెట్టినారు."

బైరప్ప తన బొటనవేలి వంక చూసుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ తన చేతికి ఉన్న వేలే. పరాయి ఊరివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారమూ అదే వరస. వచ్చినవాళ్ళలో సగం మంది తుండు ఆడినవాళ్ళే. గుడ్డ కింద చెయ్యి పెట్టి, ఎటో చూస్తూ, బొటనవేలి కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. ఆయన ఎంత బిగపట్టినా, ఆఖరి మాట దగ్గరికి రాగానే ఆ పాడు వేలు తనంతట తానే రెండుసార్లు తగిలేది. అమ్మేవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. బైరప్ప చేతికి ఇస్తే ఆవు అడుగు ధరకే పోతుందని టీకొట్టు దగ్గర చెవులు కొరుక్కున్నారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆయన భుజం మీది గుడ్డ కిందికి దిగలేదు. నలభై ఏళ్ళలో ఎన్నడూ లేదు. వేరే పని తెలియని మనిషి. ఆ గుడ్డ దిగకపోతే తను ఎవరో తనకే తెలియదు. భయమేసింది.

మర్నాడే హోసూరు బస్సెక్కాడు.

వేలి సంగతి ఆయన చెప్పగానే, "మీరే ఆడి చూడండి అంకుల్," అని నేత్ర ఫోను ఆయన ముందు పెట్టింది. బైరప్ప అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తెర నల్లబడింది. అవతలి చెయ్యి మొదలుపెట్టింది. పట్టు తనదే, వదలడం తనదే, కోపం వచ్చినట్టు చూపుడు వేలిని ఒక్క పోటు పొడవడమూ తనదే. ఎదురుగా తనే కూర్చున్నట్టుంది. బేరం చివరికి వచ్చింది. బొటనవేలు మెల్లిగా, నిదానంగా రెండుసార్లు తగిలింది. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ నుదుటి మీద వేసిన చెయ్యిలాగా ఉంది ఆ తాకిడి. ఇట్లాంటిది తన చేతిలో ఉందని ఆయనకు అరవై రెండేళ్ళూ తెలియదు.

"ఈ వేలును ఆటలోంచి తీసెయ్ మాదేశా," అన్నాడు.

మాదేశ్ మారు మాట్లాడకుండా తీసేశాడు. నాయిన అడిగిన మాట మరి. వారం తిరిగేసరికి ఆట పరువు గంగలో కలిసింది. ఇది బైరప్ప కాదు, మా బైరప్పను మాకు ఇవ్వండి అని ఎక్కడెక్కడి వాళ్ళో రాశారు. ఆడేవాళ్ళు సగానికి పడిపోయారు. ఆదివారం మాదేశ్ ఇంటికి వచ్చి, తిన్న కంచం ముందు చాలాసేపు కూర్చున్నాడు.

"ఎవురూ గెలవలేని ఆటను ఎవురూ ఆడరు నాయినా. ఆ వేలు ఉండాదనే వాళ్ళు నిన్ను నమ్మి కూర్చుంటారు. అది తీసేస్తే నువ్వు ఉత్త మిషన్ అయిపోయినావు. పద్నాలుగు మంది ఉండారు నా కాడ. నువ్వు వద్దంటే అట్లే వదిలేస్తా. ఏం చెయ్యమంటావో చెప్పు."

బైరప్పకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఆయనకే తెలియలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, "పెట్టుకో పో," అన్నాడు.

వేలు మళ్ళీ ఆటలోకి వచ్చింది. బైరప్ప మాత్రం ఊరుకోలేదు. కొడుకు దగ్గర ఒక ఫోను తెప్పించుకుని, పొద్దున్నా సాయంత్రం పంచలో కూర్చుని తన చేతితో తనే బేరమాడాడు. వేలు ఎప్పుడు లేస్తుందో, లేచే ముందు మణికట్టు ఎట్లా సడలుతుందో, అన్నీ పట్టుకున్నాడు.

"లోకంలో మొగోళ్ళంతా పెండ్లాం చెయ్యి పట్టుకుంటే, నువ్వు నీ చెయ్యి నువ్వే పట్టుకుని కూర్చున్నావు," అని భార్య తిమ్మక్క దెప్పింది.

"గమ్మునుండు. పని నేర్చుకుంటా ఉండాను," అన్నాడు.

నేర్చుకున్నది ఏమిటంటే, ఆ వేలును ఆపడం కాదు. ఎంత చేసినా అది ఆగదు. ముందుగానే తగిలించడం. ఆఖరి మాటకు రెండు వేళ్ళు పైన ఉండగానే, అదే మెల్లిగా, అదే నిదానంగా బొటనవేలిని రెండుసార్లు ఆనించడం. ఇక ఎదుటివాడు లాగడు. ఇదే అడుగు అనుకుని ఒప్పేసుకుంటాడు.

మొదట దాన్ని ప్రయోగించింది తమిళ్‌సెల్వి మీదనే. ఆమె రెండో ఆవు కోసం వచ్చింది. ఎవరి దగ్గరికీ పోకుండా నేరుగా ఈయన దగ్గరికే వచ్చి నవ్వింది. గుడ్డ కింద రెండు పట్లు, మూడు పట్లు. బైరప్ప లారీల వైపు చూస్తూ బొటనవేలు ఆనించాడు. ఒకసారి. ఇంకోసారి. ఆ పిల్ల వెంటనే గుప్పిలి మూసింది. అమ్మిన రైతు మొహం వెలిగిపోయింది. బైరప్ప గుడ్డ దులిపి భుజాన వేసుకుంటుంటే, పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆయనకు చాలా సంతోషంగా ఉంది.

నెల తిరగకుండానే అమ్మేవాళ్ళంతా ఆయన చుట్టూ మళ్ళీ మూగారు. కొనేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ బొటనవేలికి పడ్డారు. ఆ సంగతి ఫోన్లలోకి కూడా ఎక్కింది. సంతలో ఉండే అసలు బైరప్ప ఆటలోని బైరప్ప లాగా లేడు, మోసం చేస్తున్నాడు అని ఎవరో రాశారు. అది చూసి బెంగళూరువాడు ఎగిరి గంతేశాడు. ఇంతకంటే ఏం కావాలి, తుండు రెండో భాగం, అబద్ధమాడే బైరప్ప, ఈసారి ఎవడూ కనిపెట్టలేడు అన్నాడు. మాదేశ్ గ్లవ్ పట్టుకుని గురువారం ఇంటికి వచ్చాడు.

"రేపు తొడుక్కో నాయినా. ఈ కొత్త చెయ్యి కూడా తీసుకుంటాం."

"తీసుకో, తీసుకో," అన్నాడు బైరప్ప. మీసం దువ్వుకున్నాడు కూడా.

శుక్రవారం గ్లవ్ తొడుక్కుని సంతకు పోయాడు. అక్కడ మునెప్ప ఎదురయ్యాడు. ఆయనా దళారీయే, బైరప్ప కంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఇప్పుడు చూపు ఆనక ఎక్కువ బేరాలు చేయడం లేదు. టీకొట్టు బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకుని, బైరప్ప కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. గ్లవ్ తగిలింది.

"ఇదేంది?"

"పిల్లోడు ఇచ్చినాడు మునెప్పన్నా. కొత్త ఆట కోసం."

మునెప్ప ఆ చెయ్యి వదల్లేదు. "ఆ ఉద్దనపల్లి పాపకు ఆవు ఇప్పించినావే, అమ్మినోడు ఈ బల్ల మీదనే కూర్చుని చెప్పినాడు. నేను చెప్పినదానికి రెండు వేళ్ళు పైన ఇప్పిచ్చినాడు బైరప్ప అని. ఆ పాప కూడా ఈడనే టీ తాగతా ఉండె. వినింది."

బైరప్ప గ్లాసు కింద పెట్టాడు. "బేరమన్నాక పైన రాకుండా ఎట్ల అన్నా? అదే కదా మన పని. నా వేలు గుట్టు ఆ ఫోను వల్ల ఊరంతా తెలిసిపోయె. నేనేం చెయ్యల్ల?"

"గుట్టేందప్పా," అన్నాడు మునెప్ప. "నీ బొటనేలు సంగతి మాకందరికీ నలభై ఏండ్లుగా తెలుసు."

బైరప్ప గ్లవ్‌లోని బొటనవేలి వంక చూసుకున్నాడు.

"నువ్వు వచ్చిన మొదటి ఏడే తెలిసిపోయింది. మా నాయినకు తెలుసు, రాయకోట యాపారస్తులకు తెలుసు. నీకే తెలీదు. చెప్పితే ఆపేస్తావని ఎవురమూ చెప్పలేదు. ప్రతిసారీ అడుగు దాకా లాగితే నీ కడుపు కొట్టినట్టు అయితాదని, పైననే ఒప్పుకునేవాళ్ళం. ఎప్పుడన్నా నీ వేలు తగిలిందంటే మారు మాట్లాడేది లేదు. అది తగిలితే నిజం. ఈ సంతలో నిజం చెప్పే వేలు అదొక్కటే అని కదా ఇన్ని ఏండ్లు మా ఎద్దుల్ని నీ చేతికి ఇచ్చినాం, నీ చేతిలో కొనినాం. నువ్వేమో నీ చెయ్యి గట్టిదని మీసం పెంచుకున్నావు."

తల కొట్టేసినట్టయింది బైరప్పకు. బండరాయి అనుకున్న చెయ్యి నలభై ఏళ్ళుగా అందరి ముందూ తెరిచే ఉంది. తెరిచి ఉన్నందుకే జనం వచ్చారు. తెలివి అనుకున్నది ఏనాడూ తన దగ్గర లేదు. ఉన్న ఒక్కదాన్నీ ఈ నెల రోజుల్లో తనే కూర్చుని, నేర్చుకుని మరీ, పాడు చేసుకున్నాడు. సిగ్గేసింది. మునెప్ప చేతిలోంచి చెయ్యి తీసుకుని, గ్లవ్ వేళ్ళ దగ్గర పట్టి లాగేశాడు.

బల్ల మీది నుంచి లేచేసరికి ఆవుల వరస దగ్గర తమిళ్‌సెల్వి కనపడింది. అక్క కోసం ఒక పెయ్యను చూస్తోంది. ఆ పెయ్యను అమ్మేవాడు పొద్దున్నే బైరప్ప చెవిలో ఆఖరి మాట చెప్పినవాడే. బైరప్ప గబగబా పోయాడు. ఆమె ఆయన్ను చూసింది. నవ్వలేదు, కోప్పడలేదు. చెయ్యి చాపింది.

గుడ్డ కప్పాడు. ఈసారి పట్లు లేవు, లాగడాలు లేవు. నేరుగా ఆఖరి మాట దగ్గరికే దిగాడు. తనకు రావలసిన దళారీ సొమ్ము కూడా వదులుకుని, ఆ ఆఖరి మాటకు ఇంకో వేలు కిందికి దిగాడు. కావాలని చేయలేదు, ఆపాలనీ అనుకోలేదు. బొటనవేలు తనంతట తానే ఆమె చేతి మీద ఆనింది. మెల్లిగా, రెండుసార్లు.

తమిళ్‌సెల్వి కొండల వైపు చూడటం మానేసి తల తిప్పింది. బేరం మధ్యలో, గుడ్డ కింద చెయ్యి ఉండగానే, నేరుగా ఆయన మొహంలోకి చూసింది. నలభై ఏళ్ళలో ఆయన మొహంలోకి అట్లా ఎవరూ చూడలేదు. ఈసారి నిజం పాపా అని నోటితో అనబోయాడు. గుడ్డ కింద మాటను నోటితో చెప్పే అలవాటు లేక ఆగిపోయాడు.

ఆమె మెల్లిగా చెయ్యి బయటికి తీసుకుంది.

"వద్దులే పెద్నాయినా," అంది. "నోటితో చెప్పేవాళ్ళ కాడ అడుగుతాను."

వరస చివర మేకల టెంపో పక్కన ఒక కొత్తవాడు పెయ్యలను కట్టేసుకుని ధరలు అరుస్తున్నాడు. ఆమె అటు నడిచింది. వాడు చెప్పిన ధర బైరప్ప ఇచ్చినదానికంటే ఎక్కువ. ఇంత దూరానికి కూడా స్పష్టంగా వినపడింది. ఆమె అక్కడే నిలబడి బేరం మొదలుపెట్టింది.

బైరప్ప ఖాళీ టెంపో తొట్టి అంచున కూర్చున్నాడు. గ్లవ్ బల్ల మీదనే ఉండిపోయింది. మాదేశ్ సాయంత్రం అడుగుతాడు, రికార్డు అయిందా అని. లేదని చెప్పాలి. ఈ చెయ్యి పనికి రాదని చెప్పాలి. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో చూసుకోవచ్చు.

జేబులోంచి ఫోను తీశాడు. తుండుగుడ్డను ఒడిలోకి దించి దాని మీద కప్పాడు. అరచెయ్యి ఆనించి పదో దళారీని పిలిచాడు. వణుకు మొదలైంది. ఆ బైరప్ప ఎప్పటిలాగే పట్టుకున్నాడు, వదిలాడు, చూపుడు వేలిని ఒక్క పోటు పొడిచాడు. ఒక వేలు దిగాడు, ఇంకో వేలు దిగాడు. చివరికి బొటనవేలు వచ్చింది. మెల్లిగా, నిదానంగా, రెండుసార్లు.

ఆ చెయ్యి ఇంతవరకూ ఎవరినీ మోసం చేయలేదు. బైరప్ప లారీల వైపు చూస్తూ, మారు మాట్లాడకుండా గుప్పిలి మూశాడు.